బావ కుట్టిన కాగితాలు

మా బావ కిటికీ తెరలు, సోఫా కవర్లు కుడతాడు. వీధిలో అందరికీ ఆయన తెరల మాస్టారు. మిషను మీదికి వంగీ వంగీ, నిలబడినప్పుడు కూడా కొంచెం వంగినట్టే ఉంటాడు. నవ్వొస్తే ముందు భుజాలు కదులుతాయి, ఆ తర్వాతే మొహం. చొక్కా జేబులో కళ్ళద్దాలు, కింది పెదవికి అంటుకుని ఏదో ఒక రంగు దారప్పోగు. కోపం వస్తే మాట్లాడడు. సంతోషం వచ్చినా పెద్దగా మాట్లాడడు. ఆ మనిషి ఇంట్లో ఏడాదిన్నర తిని, ఒక శనివారం పొద్దున ఆయనకి నేనేం చేశానో రాయాలని కూర్చున్నాను.

నేను కాలేజీ మూడో ఏడాది మధ్యలో వదిలేసినవాణ్ణి. అడిగినవాళ్ళకి కారణాలు చాలా చెబుతుంటాను గానీ, అసలు కారణం ఒంట్లో కుదురు లేకపోవడమే. నాలుగు రోజులుండి పోతానని అక్కావాళ్ళింటికి వచ్చాను. ఆ నాలుగు రోజులు ఏడాదిన్నర సాగాయి. బావ నన్ను 'ఇంజినీరు గారు' అంటాడు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది. ముందుగదిలో ఒక పక్క ఆయన కుట్టుమిషను, ఇంకో పక్క నా మంచం, మధ్యలో పిల్లలు. పెద్దది ఐదో తరగతి. దేనికైనా వాదనకి దిగుతుంది కాబట్టి ప్లీడరంటాం. చిన్నవాడు ఒకటో తరగతి, వాడు బుడంకాయ. అక్క ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే చోట పనిచేస్తుంది. పొద్దున్నే వెళ్తే సాయంత్రం దాటాకే రావడం. అందుకని పిల్లల బ్యాగులు, బూట్లు, బడి కాగితాలు అన్నీ బావ చేతిలోనే నడిచేవి.

ఆ కాగితాల సంగతే చెప్పాలి. మిషను వెనక గోడకి, ఎవరికో కుట్టగా మిగిలిన నీలం తెరగుడ్డ ఒకటి వేలాడుతుండేది. దాని మీద బావ రెండు వరసల్లో జేబులు కుట్టాడు. ఎడమ వరస ప్లీడరుది, కుడి వరస బుడంకాయది. బడి నుంచి ఏ కాగితం వచ్చినా ఆ జేబుల్లోకే వెళ్ళేది. ఊరికే కూడా కాదు. ప్రతి కాగితానికీ ఒక మూల పొడుగు కుట్లు రెండు వేసేవాడు. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి ఆకుపచ్చ, ఇంకోదానికి నలుపు. కొన్నిటికి దారం చివర ముడులు ఉండేవి. పిల్లలు వేసిన బొమ్మలకైతే పూలగుడ్డ పీలిక.

"ఇదేంటి బావా, కాగితాలక్కూడా కాజాలు కుడుతున్నావా?" అనేవాణ్ణి.

"పెద్ద చదువులు చదివినోళ్ళకి ఇలాంటివి అర్థం కావులే ఇంజినీరు గారూ."

సాయంత్రం ఇంకో తంతు ఉండేది. ప్లీడరు ఇంటికి రాగానే, బడిలో ఇచ్చిన కాగితం పట్టుకుని మిషను పక్కన నిలబడి పైకి చదవాలి. నాలుక తడబడితే మిషను ఆగేది.

"మళ్ళీ."

"నాన్నా, ఇది పాఠం కాదు. బస్సు ఎన్నింటికొస్తుందో రాసిన కాగితం."

"ఏదైతేనేం, అక్షరాలే కదా. మళ్ళీ చదువు, గట్టిగా."

"మావయ్యని చదివించొచ్చుగా! ఆయన చదువే కదా మధ్యలో ఆగిపోయింది."

బావ భుజాలు కదిలేవి. నేను దిండు తీసి దాని మీదికి విసిరేవాణ్ణి. పిల్లల చదువు విషయంలో ఈయన మరీ పట్టుగా ఉంటాడని మాత్రం అనుకునేవాణ్ణి. ఒక్కోసారి నా చేతికీ ఏదో కాగితం ఇచ్చి, "కళ్ళు లాగుతున్నాయిరా, కాస్త చదివిపెట్టు" అనేవాడు. మంచం దిగకుండా, విసుగ్గా, సగం మింగుతూ చదివేవాణ్ణి. ఆ సగానికే ఆయనకి మొత్తం గుర్తుండిపోయేది. తారీకులతో సహా.

ప్లీడరు ఆరో తరగతికి పెద్ద బడిలో చేరాలని పట్టుబట్టింది. అక్కడ లెక్కలు బాగా చెబుతారట. ఎవరూ చెప్పకుండానే దరఖాస్తు తెచ్చుకుంది, పరీక్ష రాసింది, పాసయింది. ఇక మిగిలింది శనివారం పది గంటలకి అమ్మో నాన్నో వెంట వెళ్ళి కాగితాలు చూపించి, సంతకం పెట్టడం. ఆ రోజు ఏది తక్కువైనా సీటు జాబితాలో తర్వాత ఉన్నవాళ్ళకి పోతుంది. సరిగ్గా అప్పుడే అక్కని ఆసుపత్రివాళ్ళు పదిరోజుల శిక్షణకి వేరే ఊరు పంపారు.

శుక్రవారం పొద్దున అక్క ఫోన్ చేసింది.

"ఏరా, లేచావా?"

"లేచే ఉన్నాను."

"ఆ గొంతు లేచిన గొంతులా లేదు. ఆయన ఒక్కడే ఇద్దరు పిల్లల్ని, పనిని చూసుకుంటున్నాడు. ఆ మంచానికి మేకులేసి కొట్టలేదుగా నిన్ను? ఏదో ఒక పనిలో చెయ్యి వెయ్యి."

రోషం వచ్చింది. నాకు రోషం వస్తే పని చేస్తాను, అదే వచ్చిన చిక్కు. బావ ఎవరింట్లోనో తెరలు బిగించడానికి వెళ్ళాడు, పిల్లలు బడికి. గోడ మీది జేబుల వైపు చూశాను. రేపు ఇవన్నీ పట్టుకుని ఆఫీసుకి వెళ్తే నవ్వరూ? బజారుకి వెళ్ళి నాలుగు తెల్ల ఫైళ్ళు తెచ్చాను. నాలుగూ ఒకేలాంటివి, ఆఫీసులో ఉన్నట్టు ఉండాలని. బావ దారాలు తుంచే చిన్న కత్తెర తీసుకుని కింద కూర్చున్నాను.

ఒక్కొక్క కాగితం తీయడం, కుట్టు కత్తిరించడం, దారం లాగెయ్యడం. మధ్యాహ్నం దాకా అదే పని. ఎడమ వరస, కుడి వరస అని చూడలేదు. ఇద్దరి కాగితాలూ కలిపేసి విషయాన్ని బట్టి విడదీశాను. గుర్తింపు, మార్కులు, ఆరోగ్యం, ఇతరాలు. నా చేతిరాత బాగుంటుంది. నాలుగు చీటీలు రాసి ఫైళ్ళ మీద అంటించాను. దారాలు, గుడ్డపీలికలు గుప్పెడు అయ్యాయి. చెత్తబుట్టలో వేసి, బుట్ట కూడా బయట పారబోసి వచ్చాను. ఇన్నాళ్ళకి ఈ ఇంటికి ఒక మంచి పని చేశానని నా భుజం నేనే తట్టుకున్నాను.

సాయంత్రం బావ వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ గోడ వైపు చూశాడు. ఒక చెప్పు విడిచాడు, రెండోది కాలికే ఉండిపోయింది.

"కాగితాలేవిరా?"

ఫైళ్ళు తెచ్చి మిషను బల్ల మీద వరసగా పెట్టాను. "చూశావా? ఇక వెతుకులాట లేదు. పేరు చూడటం, తీసుకోవడం."

ఒక ఫైలు తెరిచాడు. ఒక కాగితం మూల వేలితో తడిమాడు. కుట్టు పోయి రెండు చిన్న బెజ్జాలు మిగిలాయి. వాటి మీదే వేలు కొంచెంసేపు ఆగింది.

"దారాలు?"

"పారేశాను. చెత్త కదా."

"బాగా చేశావురా," అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలే అనుకున్నాను. అంత గుడ్డివాణ్ణి.

పిల్లలు తిని పక్కగదిలోకి వెళ్ళాక కూడా ఆయన ఆ ఫైళ్ళ ముందే కూర్చున్నాడు. కాగితాలు ఎత్తి వెలుతురుకి పట్టుకుంటున్నాడు. ఒకదాని మీద టీ మరక చూసి పక్కన పెట్టాడు. ఒకదాని మీది గుండ్రటి ముద్ర చూసి ఇంకో పక్కన పెట్టాడు. మళ్ళీ కలిపేశాడు.

"పాప పుట్టిన కాగితం ఏదిరా ఇందులో?"

"గుర్తింపు అని రాశాగా బావా. అందులోనే ఉంది."

"తీసి ఇవ్వరాదూ?"

"పొద్దున్నించీ నడుం విరిగేలా సర్దాను. ఇప్పుడు తీసి నోట్లో కూడా పెట్టాలా?" అని ఫోన్ వైపు తిరిగి పడుకున్నాను.

"రేపు నువ్వూ రా," అన్నాడు. ఆ ముక్క రెండుసార్లు అన్నాడు. బుడంకాయని పక్కింటివాళ్ళు చూసుకుంటారని కూడా చెప్పాడు. సరే అన్నాను, ఏదో ఉపకారం చేస్తున్నట్టు.

పెద్ద బడి ఆఫీసు గదిలో మా ముందు ఇంకో ఇద్దరు పిల్లల తల్లిదండ్రులున్నారు. మా వంతు వచ్చేసరికి పదిన్నర దాటింది. బల్ల వెనక కూర్చున్న మేడమ్ చెడ్డ మనిషేం కాదు. పని తెముల్చుకోవాలన్న తొందర ఉంది, అంతే. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్లీడరు ఆయన పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుంది. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"పాప పుట్టిన సర్టిఫికెట్ ఇవ్వండి."

బావ నాలుగు ఫైళ్ళూ ఒడిలో పెట్టుకున్నాడు. ఒకటి తెరిచి, మూసి, ఇంకోటి తెరిచాడు. గుండ్రటి ముద్ర ఉన్న కాగితం ఒకటి తీసి ఇచ్చాడు.

మేడమ్ చూసి వెనక్కి ఇచ్చింది. "ఇది అబ్బాయిదండీ. పేరు చూసుకోలేదా?"

"నాన్నా, అది తమ్ముడిది. పైనే ఉందిగా," అంది ప్లీడరు.

"అవునవును." బావ చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ వెతికాడు. ఈసారి తీసినవి మార్కుల కాగితాలు. అవీ మూడో తరగతివి. మేడమ్ గడియారం చూసింది. అప్పుడు నోరు మూసుకుని ముందుకెళ్ళి కాగితం తీసిస్తే సరిపోయేది. నేను నవ్వాను.

"బావా, అచ్చుగుద్దినట్టు రాసి అంటించాను కదా పైన! చదువుకోవడం రాదా ఏంటి?"

మా తర్వాతి వంతువాళ్ళలో ఎవరో కూడా నవ్వారు.

"కళ్ళద్దాలు తేలేదురా," అన్నాడు బావ, మెల్లగా.

"జేబులోనే ఉన్నాయిగా నాన్నా!" ప్లీడరు ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి, మడత విప్పి, స్వయంగా ఆయన ముక్కు మీద పెట్టింది. చెవుల వెనక సర్దింది కూడా. "ఇప్పుడు చూడు."

మేడమ్ ఇంకో కాగితం ఆయన ముందుకి జరిపింది. "సరే, అవి తర్వాత తీద్దురు గానీ, ముందు ఈ షరతులు చదివి కింద సంతకం పెట్టండి. మూడోది ముఖ్యం. అది మీకు సమ్మతమో కాదో చెప్పాలి."

బావ ఆ కాగితం వైపు చూశాడు. సంతకం ఆయనకి వచ్చు. అక్క నేర్పింది, బొమ్మ గీసినట్టు ఎప్పుడూ ఒకేలా పెడతాడు. ఆయన పెన్ను పట్టుకున్నాడు. ప్లీడరు ఆయన మొహంలోకే చూస్తోంది. సరిగ్గా అప్పుడు నాకు తెలిసింది. సాయంత్రపు చదువులు, లాగే కళ్ళు, ఎర్ర దారం, ఆకుపచ్చ దారం, రెండు చిన్న బెజ్జాల మీద ఆగిన వేలు, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి.

బావ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు చదవడం రాదండీ. ఈ పిల్లకి ఇంతవరకూ చెప్పలేదు."

మేడమ్ తడబడి, "అయ్యో, ఫర్వాలేదండీ, ఆయన చదువుతారు లెండి," అని నా వైపు చూపించింది. వెళ్ళాను. షరతులు చదివాను. కాలేజీలో వేదికల మీద మైకు లేకుండా అరిచిన గొంతు నాది. ఆ రోజు మూడో షరతు దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న బావకే వినపడలేదు. పిల్ల కాగితాలు ఏరి ఇచ్చాను. అన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. అవి ఎక్కడున్నాయో తెలిసిన మనిషికి తెలియకుండా చేశాను, అంతే.

దరఖాస్తులో 'తండ్రి చదువు' అని ఒక గడి ఉంది. వంగి ఆయన చెవిలో అన్నాను: "పదో తరగతని రాసేస్తాను బావా. ఎవరు చూడొచ్చారు?"

"లేనిది లేదని రాయి," అన్నాడు పైకే.

లేదు అని రాశాను. నా చేతిరాత బాగుంటుందని చెప్పాను కదా. ఆ మాట చాలా అందంగా వచ్చింది.

ఇంటికి నడుస్తున్నాం. ప్లీడరు పది అడుగులు ముందు. రోడ్డు దాటేచోట ఆగి, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"మరి నేను చదువుతుంటే తప్పులెలా పట్టుకునేవాడివి?"

"నీ నాలుక తడబడేది కదమ్మా. అది వినడానికి చదువెందుకు?"

"ఒక్కోసారి నేను లైన్లు వదిలేసేదాన్ని. తడబడకుండా." అప్పుడు వెనక్కి తిరిగింది. "క్లాసులో మాట్లాడుతోందని మేడమ్ రాసిచ్చినప్పుడు, ఆ లైను వదిలేశాను. నువ్వు 'బాగా చదివావు' అన్నావు. నీకు తెలిసే ఊరుకున్నావనుకున్నా."

"తెలీదమ్మా," అన్నాడు బావ.

అది రోడ్డు దాటి మళ్ళీ పది అడుగులు ముందుకెళ్ళింది.

ఇంటికొచ్చి చెత్తకుండీ దాకా పరిగెత్తాను. ఎప్పుడో ఖాళీ చేసుకుపోయారు. మిషను సొరుగులోంచి దారపు ఉండలు తీసి కాగితాల ముందు కూర్చున్నాను. దేనికి ఏ రంగు ఉండేదో ఒక్కటి కూడా గుర్తురాలేదు. ఏడాదిన్నర కళ్ళెదురుగా వేలాడాయి. బావ వచ్చి నా చేతిలోంచి సూది తీసుకున్నాడు.

"వదిలెయ్యరా. వేలికి గుచ్చుకుంటుంది."

"నాకు ముందే చెప్పుండొచ్చుగా బావా!" అన్నాను. చూడండి, అప్పుడు కూడా ఆయనదే తప్పన్నట్టు.

ఆయన కాసేపు దారం చుట్టాడు. "నువ్వొచ్చిన కొత్తలో, ఎదురింటి కాపలాదారు పార్సిలుకి వేలిముద్ర వేశాడు గుర్తుందా? రోజంతా వాడి నడక, వాడి బొటనవేలు అనుకరించి నవ్వావు. నేను టీ తాగుతున్నాను అప్పుడు." సూదిని దారపు ఉండకి గుచ్చాడు.

నాకు గుర్తుంది. బాగా నవ్వించానని గర్వపడ్డ రోజు అది.

అక్కకి ఫోన్ చేసి అంతా చెప్పాను. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు. "ఎర్ర దారం సంతకం పెట్టి తిరిగి పంపాల్సినవి. ఆకుపచ్చ దాచుకోవాల్సినవి. నలుపు టీకాలు, మందులు. ఎన్నో తరగతివైతే అన్ని ముడులు," అంది. "నేనొకసారి చదివితే చాలు, ఆయనకి తిరుగులేదు. తొమ్మిదేళ్ళ వయసులో మిషను ముందు కూర్చోబెట్టారు ఆయన్ని. నిన్ను ఇరవై ఏళ్ళొచ్చేదాకా బడి ముందు కూర్చోబెట్టాం." ఫోన్ పెట్టేసింది.

క్షమించమని బావని అడగడం ఇంకా నాకు చేతకాలేదు. నోటిదాకా వస్తుంది, ఏదో వెకిలి మాటగా మారి బయటికొస్తుంది. అందుకని రాస్తున్నాను. ఆయన చదవలేడన్న ధైర్యంతోనే ఇంత వివరంగా రాయగలుగుతున్నాను. అది తలచుకుంటే పెన్ను పడేయాలనిపిస్తుంది.

సోమవారం సాయంత్రం ప్లీడరు బ్యాగుతో లోపలికి వచ్చింది. దారిలో పెద్ద బడి దగ్గర ఆగి వచ్చిందట. చేతిలో కవరు. మిషను మీద బావ ఉన్నాడు. ఆయన పక్కనుంచే వచ్చి, నా మంచం దగ్గర ఆగి, కవరు నాకిచ్చింది.

"మావయ్యా, ఇది నువ్వు చూడు."

"నాకెందుకే? మీ నాన్నకివ్వు."

"నాన్నకి రాదుగా."

ఎగతాళిగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు అంది. అందుకే అది ఎగతాళి కన్నా ఎక్కువ తగిలింది. మిషను ఆగింది. కవరు నా చేతిలో ఉండిపోయింది. తెరిస్తే ఆయన చోటులో కూర్చున్నట్టే. తెరవకపోతే మళ్ళీ ఆ పిల్ల ముందు ఆయన్నే నిలబెట్టినట్టు. రెండున్నరేళ్ళ ఇంజినీరింగులో దీనికి జవాబు ఎక్కడా చెప్పలేదు.

బావ లేచి వచ్చాడు. కవరు నా చేతిలోంచి తీసుకుని, ప్లీడరు చేతిలో పెట్టాడు.

"రాదు. నిజమే. నువ్వు చూసి చెప్పు. ఏమంటున్నారు?"

"అన్నీ చెప్పనా?"

"నీ ఇష్టం."

అది చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. కవరు చింపింది. కళ్ళతో ఒకసారి పైనుంచి కిందదాకా చూసుకుంది.

"సీటిచ్చారు," అంది. బావ భుజాలు కదల్లేదు గానీ నా మంచం అంచు పట్టుకున్నాడు. "ఇంకా... నల్ల బూట్లు కావాలట, లేసులున్నవి. వచ్చే వారానికల్లా." కాగితం కొంచెం కిందికి దించింది. "కింద ఇంకోటుంది. పాత బడి వాళ్ళు నేను క్లాసులో ఎక్కువ మాట్లాడతానని రాశారట. ఇక్కడ అది కుదరదట."

"మాట్లాడతావా?"

"మాట్లాడతాను."

"సరే, అది తర్వాత తేలుద్దాం." బావ ఒక అట్టముక్క తెచ్చి నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మేజోడు తీసి కాలు పెట్టు."

అది ఆయన భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది. బావ పాదం చుట్టూ సుద్దతో గీస్తుంటే చక్కిలిగింత పుట్టి, "నాన్నా, మెల్లగా," అంది. కాలు కదిపింది. గీత వంకరపోయింది. ఆయన అరచేత్తో తుడిచి మళ్ళీ మొదలుపెట్టాడు.

వాళ్ళని దాటి వెళ్ళడానికి నాకు దారి లేదు. మంచం మీదే కాళ్ళు ముడుచుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాను.